శాలువాకు పీకో

నా చేతికి కత్తెర వస్తే నా మాట నేనే విననని మా ఆయన అంటుంటారు. నా గురించి ఆయన చెప్పేవాటిలో నిజాలు తక్కువే గానీ, ఇదొక్కటి మాత్రం కాదనలేను. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ కత్తెర తెచ్చిపెట్టిందే.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో మాదొక చిన్న కొట్టు. చీరలకు ఫాల్ కుడతాను, పీకో చేస్తాను, జాకెట్లు కుడతాను. పెళ్లై గోదావరి వైపు నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదే సందు, ఇదే షట్టరు. పైనంతా హాస్టళ్లు. ఎదురు గోడ మీద ఏ కంప్యూటర్ కోర్సు కాయితం అంటిస్తే, ఆ ఏడు పిల్లలంతా అది చదువుతున్నారని లెక్క. పీకో అంటే తెలియని ఆడవాళ్లు ఉండరు, మగవాళ్ల కోసం చెబుతున్నాను: చీర చివర పోగులు ఊడకుండా అంచును మిషన్ మీద సన్నగా చుట్టేసే కుట్టు. పోగులు వేలాడే అంచు చూస్తే నాకు పంటి కింద రాయి పడ్డట్టు ఉంటుంది. బస్టాపులో ఎవరి చున్నీకైనా పోగులు కనిపిస్తే, వాళ్లు బస్సెక్కేదాకా నా చేతులు నేను గట్టిగా పట్టుకుని నిలబడాలి.

ఇక ఆ శాలువా తెచ్చిన అమ్మాయి నాకు కళ్లద్దాలు ఇచ్చిన పిల్ల. నాగాలాండ్ నుంచి కంప్యూటర్ కోర్సు కోసం వచ్చి, మా పై హాస్టల్లో దిగి, కోర్సయ్యాక పంజాగుట్టలో ఒక కళ్లద్దాల షాపులో ఉద్యోగానికి చేరింది. సూదిలో దారం ఎక్కక నేను మొదటిసారి ఆ షాపు మెట్లెక్కినప్పుడు నా ఎదురుగా కూర్చున్నది ఆమే. ఉండబట్టలేక అడిగేశాను, "ఏ దేశం అమ్మా మీది?" అని.

"మీ దేశమే ఆంటీ," అంది అక్షరాల బోర్డు వైపు వేలు చూపిస్తూ. "ట్రైన్ల పోతె మస్తు దూరం, గంతే. పై లైన్ చదువుండ్రి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె నోట ఆ తెలుగు విన్నాక ఇంకా సిగ్గేసింది. ఇన్నేళ్లు ఇక్కడ బతికినా నాకు 'ఏంటండీ' పోలేదు. ఆమె రెండేళ్లలోనే గిట్ల, గట్ల అంటూ షాపుకొచ్చిన వాళ్లందరినీ నవ్విస్తోంది. అప్పటి నుంచి సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, హాస్టల్ మెట్లెక్కే ముందు నా బల్ల దగ్గర పది నిమిషాలు ఆగేది. నా అద్దాలు తీసుకుని, జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తుడిచి, మళ్లీ నా ముక్కు మీద పెట్టేది. నాకు ఆడపిల్లలు లేరు. ఆ పది నిమిషాల కోసం ఎదురుచూసేదాన్నని ఇప్పుడు చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

డిసెంబరు మొదట్లో ఒక సోమవారం ఒక శాలువా తెచ్చి బల్ల మీద పరిచింది. నలుపు మీద ఎర్ర చారలు, మధ్యలో తెల్లటి పట్టీ. మూడు ముక్కలుగా నేసి, పక్కపక్కన పెట్టి చేత్తో కలిపి కుట్టినది. ఆ కలిపిన కుట్టు ఒకచోట జానెడు మేర ఊడిపోయింది.

"మా అమ్మ నేసింది ఆంటీ. మా దిక్కు నడుముకు పట్టీ కట్టుకొని, కింద కూసొని నేస్తరు. మగ్గం వెడల్పు తక్కువ, గందుకే మూడు ముక్కలు. ఇప్పుడు అమ్మకు నడుము పోయింది. ఇగ నెయ్యలేదు. ఇదే ఆఖరుది."

వచ్చే ఆదివారం పంజాగుట్ట దగ్గర ఒక హాల్లో, ఊళ్లో ఉన్న నాగా వాళ్లంతా కలిసి పండుగ చేసుకుంటున్నారట. పాటలు, నాట్యాలు, వంటలు అన్నీ ఉంటాయట. వాళ్లలో చాలా తెగలు. శాలువా చారలు చూసే ఎవరు ఏ తెగో చెప్పేస్తారట. ఆమె తెగ నాట్యంలో వరసకు ముందు నిలబడేది ఆమే.

"అమ్మ సుత వస్తున్నది," అంది. "పండుగ చూడనీకి అంటది గని, నన్ను తీస్కపోనీకే వస్తున్నది. రిటర్న్ టికెట్లు రెండు తియ్యమన్నది. నేనే తీసిన."

"నువ్వు వెళ్తానన్నావా?"

"నాకు పోబుద్ధయితలేదు ఆంటీ. కండ్లు చెక్ చేసే కోర్సుల సీటొచ్చింది, షాపోళ్లు సుత చదువుకో అంటున్నరు. అమ్మేమో ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. ఆ ఊర్ల నీకు ఎవరున్నరు, వచ్చెయ్యి అంటది. ఈడ నేను మంచిగున్నా అని చూపియ్యాలె. చూస్తే ఒప్పుకుంటదేమో."

అదీ సంగతి. ఆదివారం గడిస్తే ఆ పిల్ల ఇక్కడ ఉంటుందా, పోతుందా అన్నది తేలిపోతుంది. ఇంత తెలిసి కూడా నేను చేసిన పని చూడండి.

ధనుర్మాసం వస్తే ముహూర్తాలు ఉండవని పెళ్లిళ్లన్నీ దానికి ముందు పది రోజుల్లోకే తోశారు. కొట్టు నిండా ఎర్ర జాకెట్లు. మంగళవారం మధ్యాహ్నం తీరిక చేసుకుని శాలువాకు ఊడిన కుట్టు వేశాను. పాతదేదో కొత్తదేదో తెలియనంత బాగా వేశాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? మడత పెడుతుంటే రెండు చివర్లా జానెడేసి పోగులు వేలాడుతూ కనిపించాయి. పాపం పిల్ల చెప్పడం మరిచిపోయింది, వాళ్లమ్మ వస్తోంది, శాలువా నీటుగా ఉండాలి, మిషన్‌కు ఎలాగూ నల్లదారం ఎక్కించి ఉంది, ఊరికే చేసి పెడదాం అనుకున్నాను. ఒక చివర పోగులన్నీ బట్ట దాకా కత్తిరించి, పీకో చేసేశాను. రెండో చివర మొదలుపెట్టబోతుంటే కరెంటు పోయింది. కరెంటు వాళ్లను నోరారా తిట్టాను. ఆ తిట్లన్నీ సాయంత్రానికి వెనక్కి తీసుకున్నాను.

సాయంత్రం ఆమె రాగానే పీకో చేసిన అంచు చూపించి, "ఎలా ఉంది?" అన్నాను గర్వంగా.

ఆమె ఆ అంచు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్లతో తడిమింది. తర్వాత స్టూలు మీద కూర్చుంది. మెల్లగా అంది, "ఆంటీ, గవి ఊడిన పోగులు కావు. అమ్మ ఒక్కొక్క కుచ్చు తొడ మీద పెట్టి పేనింది."

రెండో చివర తీసి చూశాను. నిజమే. నాలుగైదు పోగులు కలిపి తాడులా పేని, చివర ముడి వేసిన కుచ్చులు. అన్నీ ఒకే లావు. చీర కొంగులకు ఎన్ని వందల కుచ్చులు కట్టిన చేతులు ఇవి, ఆ పనిని గుర్తుపట్టలేకపోయాయి. కళ్లు కనబడక చేసిన తప్పు కూడా కాదు. ఆ పిల్ల ఇచ్చిన అద్దాలు పెట్టుకునే చేశాను.

"తిట్టు తల్లీ, నాలుగు తిట్టు," అన్నాను.

"తిడితే వస్తయా?" అంది. "అమ్మ ఇది చూస్తే ఏమంటదో తెలుసా ఆంటీ? మన బట్టేందో తెల్వని ఊరికి నువ్వేం తెలుస్తవ్, నడువు అంటది."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మిషన్ కింద పీలికల సంచి బోర్లించాను. ఎప్పుడూ అదృష్టం లేని దాన్ని, ఆ రోజు ఉంది. కత్తిరించిన పోగులన్నీ అందులోనే ఉన్నాయి. కాకపోతే పెళ్లిళ్ల జాకెట్ల ఎర్ర దారాలన్నిటితో కలిసిపోయాయి. ఇద్దరం కింద చతికిలబడి ఏది జాకెట్టుదో ఏది శాలువాదో ఏరుతూ కూర్చున్నాం. ముట్టుకుంటే తెలిసేది. వాళ్లమ్మ దారం కాస్త గరుకు.

పోగులు దొరికాయి గానీ వాటిని తిరిగి బట్టకు ఎక్కించడం ఎలా? పంజాగుట్ట వైపు ఒక డ్రైక్లీనింగ్ షాపు మెట్ల పక్కన బల్ల వేసుకుని కూర్చునే రఫూ భాయ్ ఉన్నాడు. కాలిన కోట్లకు, ఎలుక కొరికిన పట్టుచీరలకు చిల్లు ఎక్కడుందో కనబడకుండా దారం అల్లే పెద్దాయన. బుధవారం పొద్దున్నే ఇద్దరం ఆయన దగ్గరికి వెళ్లాం. ఆమె షాపులో ఆ పూటకు సెలవు పెట్టింది.

ఆయన అద్దాలు తుడుచుకుని పీకో చూశాడు. "ఎవరు చేసిన్రు గీ పని?"

"నేనే భాయ్."

"ఇన్నేండ్ల సర్వీసు పెట్టుకొని, జర అడుగుడు రాలేదా బెహన్?"

నేను ఒకరి చేత మాట పడే రకాన్ని కాదు. ఆ రోజు పడ్డాను.

ఆయన శాలువా అందుకోబోతే ఆ పిల్ల చటుక్కున వెనక్కి లాక్కుంది. వెంటనే ముఖం ఎర్రబడింది. "చాచా, ఏమనుకోకుండ్రి. మా ఊర్ల నేత పని ఆడోళ్లదే. మొగోళ్లు మగ్గం ముట్టరు. నాకైతే ఫరక్ పడది గని, అమ్మ పాత మనిషి..."

నేను మనసులో, ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. భాయ్ మాత్రం రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని వెనక్కి ఒరిగాడు. "గందుల ఏమున్నది బేటా? మా ఇంట్ల బిర్యానీ గిన్నె దగ్గరికి నన్ను సుత రానియ్యరు. బెహన్, నువ్వు కూసో. నేను చెప్త, నువ్వు చెయ్యి."

అలా ఆయన చెబుతుంటే నేను చేశాను. పొద్దున ఆయన మెట్ల దగ్గర, సాయంత్రం నా కొట్టులో, నాలుగు రోజులు. సాయంత్రాలు ఆయనే నడిచొచ్చి, చాయ్ తాగే గ్లాసు మినహా దేన్నీ ముట్టకుండా స్టూలు మీద కూర్చునేవాడు. ముందు పీకో విప్పాలి. బ్లేడు పెట్టబోతే, "ఇంక కోసింది చాలదా?" అన్నాడు. సూది మొనతో ఒక్కొక్క కుట్టు లేపించాడు. అంత గట్టిగా పీకో చేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత అంచున పేక, అంటే అడ్డపోగు, జారిపోకుండా సన్నటి చేతికుట్టు. ఆ తర్వాత కొక్కెం సూదితో పోగులను బట్టలోంచి లాగి, రెండు మడతలు చేసి పేనడం.

"అన్నీ ఒక్క గీత మీద ఎక్కియ్యకు," అన్నాడు భాయ్. "బరువంత గీత మీద పడితే గీతే చినుగుతది. ఒకటి అంచుకు ఎక్కియ్యి, ఒకటి జర లోపటికి ఎక్కియ్యి."

ఇన్నేళ్ల నా కుచ్చుల పనిలో ఈ మాట నాకెవరూ చెప్పలేదు. పేనడం మాత్రం నాకెవరూ నేర్పక్కర్లేదనుకున్నాను. చీర మోకాలి పైకి లాక్కుని, దీపం వత్తులు చేసినట్టు తొడ మీద పెట్టి అరచేత్తో తోశాను. డ్యూటీ దిగి వచ్చిన పిల్ల ముడులు వేసేది. ఈలోగా ఒక పెళ్లికూతురి తల్లి వచ్చి జాకెట్లు ఇంకా కాలేదా అని గొడవ పెట్టుకుంది. నా నోటి ముందు నిలబడిన వాళ్లు ఇంతవరకు లేరు, ఆమే చల్లబడి పోయింది. ఆ జాకెట్లు ముహూర్తానికి ముందు రోజు ఇచ్చాననుకోండి.

శనివారం సాయంత్రానికి అయిపోయింది. శాలువా బల్ల మీద పరిచి ముగ్గురం చూశాం. పోగులను రెండు మడతలు చేశాం కదా, ఈ వైపు కుచ్చులు సగానికి సగం పొట్టిగా వచ్చాయి. అటు జానెడు, ఇటు అర జానెడు.

ఆ పిల్ల బల్ల మీది కత్తెర తీసి నా చేతికిచ్చింది. "ఆ దిక్కు సుత కట్ చెయ్యండి ఆంటీ. రెండు సమానమైతయి. అమ్మకు తెల్వది."

నిజం చెప్పొద్దూ, చేతులు ముందుకు వెళ్లాయి. ఒక్క నిమిషం పని. నా పరువు దక్కుతుంది, పిల్ల ఊళ్లో ఉంటుంది. భాయ్ చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు. నేను కత్తెర సొరుగులో పడేసి మూశాను.

"మీ అమ్మ చేతిపని మీద రెండోసారి కత్తెర పెట్టను. రేపు నేనూ వస్తాను. చేసింది నేనేనని నేనే చెప్పుకుంటాను."

"చెప్తే తీస్కపోతది ఆంటీ."

 రేపు రాత్రికి హాస్టల్ మెట్ల మీద ఆ పిల్ల చెప్పుల చప్పుడు ఉండదేమో అనిపించింది. అయినా సొరుగు తెరవలేదు.

ఆదివారం ఉన్న వాటిలో మంచి చీర కట్టుకుని వెళ్లాను. భాయ్ ఇస్త్రీ చేసిన కుర్తా వేసుకొచ్చాడు. హాలంతా సందడి. ఒక్కో తెగ ఒక్కో రంగు, మెడ నిండా పూసలు, మగపిల్లల తలల మీద ఈకలు. ఒక పక్క పొడవాటి దుంగను తొలిచి చేసిన డోలు పెట్టి కర్రలతో వరసగా కొడుతుంటే కాళ్ల కింద నేల అదిరింది. ఇంకో పక్క వంటల బల్లలు. వెదురు కొమ్ముల కూర చూసి నాకు ప్రాణం లేచొచ్చింది, మా గోదావరి ఏజెన్సీ సంతలో దొరికేది అదే. పక్కనున్న మిరపకాయ పచ్చడి తీసుకుంటుంటే వడ్డించే పిల్లవాడు జాగ్రత్త అన్నాడు. గోంగూరలో పచ్చిమిరపకాయ నంజుకుని తినేదాన్ని, నాకా చెప్పేది అనుకుని నోట్లో పెట్టుకున్నాను. ఆ తర్వాత చాలాసేపు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆయన చూసి ఉంటే సంబరపడేవారు.

ఆ పొద్దున్నే రైలు దిగిన వాళ్లమ్మ స్టేజీ పక్క నడవలో ఉంది. పొట్టి మనిషి, ఒక చేయి నడుము మీద ఆనించి నిలబడింది. కూతురికి శాలువా కప్పుతూ అంచు సవరించబోయి ఆగిపోయింది. వేళ్లు అక్కడే ఉన్నాయి. రెండో చివర లాగి చూసింది. మళ్లీ మొదటిది చూసింది. కూతుర్ని ఏదో అడిగింది. ఆ పిల్ల నా వైపు తిరిగింది.

నేను ముందుకు వెళ్లాను. పచ్చడి మంట ఇంకా నోట్లోనే ఉంది. "నేను కత్తిరించానని చెప్పు. అడక్కుండా కత్తిరించానని చెప్పు. నా మాటకు నువ్వు మెరుగులు పెట్టకు."

పిల్ల చెప్పింది. వాళ్లమ్మ నా ముఖం వైపు చూడనైనా లేదు. ఒక కుచ్చు పట్టుకుని గట్టిగా గుంజింది. రాలేదు. ఇంకోటి గుంజింది. అదీ రాలేదు. అంచు దగ్గరికి తెచ్చుకుని, ఒకటి పైకి ఒకటి లోపలికి ఎక్కించిన వరస మీద గోరుతో గీసుకుంటూ పోయింది. తర్వాత ఏదో అడిగింది.

"పేనుడు ఉల్టా ఉన్నదట ఆంటీ. గట్లెందుకని అడుగుతున్నది."

అందరి ముందూ తొడ మీద అరచేయి పెట్టి వత్తి చేసి చూపించాను. "మా ఇళ్లల్లో దీపానికి వత్తులు ఇలాగే చేస్తామని చెప్పు." ఆమె చూసి, తన తొడ మీద తనూ చేసి చూపించింది. నేను ముందుకు తోసేది ఆమె వెనక్కి లాగుతోంది. ఎన్ని రోజులు పట్టిందని అడిగింది. పిల్ల నాలుగు వేళ్లు చూపించి, గోడ పక్కన నిలబడ్డ భాయ్‌ను చూపించి, చాలాసేపు చెప్పింది. ఆయనకు భాష తెలియకపోయినా సంగతి అర్థమైంది. రెండు చేతులూ ఎత్తి చూపించి, మళ్లీ చంకల్లో పెట్టుకున్నాడు. వాళ్లమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంతలో స్టేజీ మీదికి పిలిచారు. ఆమె కూతురి భుజాల మీది శాలువా తీసి, చివరలు మార్చి, పొట్టి కుచ్చులు ముందుకు వచ్చేలా కప్పింది. పిల్ల ఏదో అనబోయింది. తల్లి నా వైపు చూసి రెండే మాటలు చెప్పి, కూతురి వీపు తట్టి పంపేసింది. పిల్ల కళ్లు తుడుచుకుంటూనే స్టేజీ ఎక్కింది.

వరసకు ముందు ఆమె, వెనక చేతులు కలుపుకుని పదిహేను మంది. అడుగు వేసినప్పుడల్లా నేను కట్టిన కుచ్చులు ఎగిరి పడ్డాయి. ఒక్కటీ ఊడలేదు. ఊడుతుందేమోనని చూస్తూ నాట్యం సగం చూడనేలేదు. భాయ్ మాత్రం, "మంచిగ చేసినవ్ బెహన్," అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడానికి నాలుగు రోజులు పట్టింది.

నాట్యం అయ్యాక పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఏమంది మీ అమ్మ?" అన్నాను.

"ఆ ఊర్ల నీకు ఎవరున్నరని ఇగ అడగ అన్నది," అంది. ఇంకా ఆయాసం తీరలేదు. ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. అందులో రెండు టికెట్లు, పక్కపక్క సీట్లు. "నాది క్యాన్సిల్ చెయ్యమన్నది ఆంటీ. జర మీరే నొక్కుండ్రి."

ముందు నా అద్దాలు తీసి ఆమె చేతికిచ్చాను. తుడిచి నా ముక్కు మీద పెట్టింది. "ఏది నీది? పైదా, కిందదా? నొక్కమంటావా?" అని మూడుసార్లు అడిగి, వాళ్లమ్మ చేత కూడా తలూపించి, అప్పుడు నొక్కాను.